పెద్దమ్మ పేరుకు ఈశాన్యంలో చుక్క

విజయవాడలోని రాష్ట్ర ఊరగాయల విదేశీ ఎగుమతుల ప్రోత్సాహక సంస్థలో చిట్టూరి ఇందుమతి చైనా భాషాధికారిగా చేరి నాలుగేళ్లయింది. ఈ నాలుగేళ్లలో ఆమె చేత ఒక్క చైనా అక్షరం కూడా రాయించకుండా సంస్థ చాలా జాగ్రత్త పడింది. వచ్చిన ఉత్తరాలకు నంబర్లు వెయ్యడం, వెళ్లే ఉత్తరాలకు స్టాంపులు అంటించడం, మీటింగులకు బిస్కెట్లు తెప్పించడం ఆమె విధులు. హైదరాబాదులో అయిదేళ్లు చదివి, బీజింగులో ఏడాది ఉండి నేర్చుకున్న భాష ఎక్కడ మర్చిపోతానోనని, మధ్యాహ్నం క్యారేజీ తినేశాక పాత డైరీలో అక్షరాలు దిద్దుకునేది. అటెండరు అది చూసి, మేడమ్‌గారు ఇల్లు కట్టుకోవడానికి ప్లాన్లు గీసుకుంటున్నారని ఆఫీసంతా చెప్పాడు.

జూన్ నెలలో ఒక సోమవారం మేనేజింగ్ డైరెక్టర్ విఠల్‌గారు ఆమెను పిలిపించారు.

"ఇందుమతిగారూ, మీకు చైనా భాష వచ్చునట?"

"వచ్చు సార్. అందుకే తీసుకున్నారు."

"అలాగా!" అని విఠల్‌గారు ఆనందించి ఒక సర్క్యులర్ అందించారు. విదేశాల్లో అమ్మే ప్రతి సరుకుకూ ఆయా దేశాల భాషలో పేరు ఉండాలనీ, సదరు పేరు అర్థవంతంగా, శుభప్రదంగా, రాష్ట్ర ప్రతిష్ఠను ఇనుమడింపజేసేదిగా ఉండాలనీ, ఏ శాఖకూ అభ్యంతరం లేనిదై ఉండాలనీ అందులో ఉంది.

సరుకు ఏమిటంటే, గుంటూరు జిల్లా చినరావిపాలెంలో అరవై ముగ్గురు ఆడవాళ్లు సంఘంగా ఏర్పడి పట్టే 'పెద్దమ్మ పచ్చళ్లు'. పెద్దమ్మ అంటే తాళ్లూరి భ్రమరాంబ. అరవై ఏడేళ్ల మనిషి. చేతిలో గరిటె లేకపోతే ఏదో పోగొట్టుకున్నట్టు ఉంటుంది ఆవిడకు. ఆ ఏడాది ఇక్కడి టోకు వ్యాపారి మిషను పచ్చళ్లకు మారిపోవడంతో సంఘంలో సగం మంది పని లేక కూర్చున్నారు. చైనాలో చెంగ్దూ అనే ఊరి జనం కారమంటే పడి చస్తారట. అక్టోబరులో అక్కడ పెద్ద ఆహార ప్రదర్శన. ఈ సంఘాన్ని అక్కడికి తీసుకెళ్లాలని సంస్థ నిర్ణయించింది. అక్కడ ఆర్డరు దొరికితే సంఘం నిలబడుతుంది. లేకపోతే షెడ్డుకు తాళమే.

ఇందుమతి సర్క్యులర్ చదివి, పెన్ను తీసి, అక్కడికక్కడే కాగితం మీద రెండక్షరాలు రాసింది.

大妈

"తామా అని పలకాలి సార్. మొదటిది 'పెద్ద', రెండోది 'అమ్మ'. వాళ్ల భాషలో కూడా పెద్దమ్మను సరిగ్గా ఇలాగే అంటారు. వీధిలో పెద్దవయసు ఆడవాళ్లను చనువుగా పిలిచే పిలుపు కూడా ఇదే. ఇంతకన్నా మంచి పేరు దొరకదు."

విఠల్‌గారు కాగితాన్ని అటూ ఇటూ తిప్పి చూశారు. గోడగడియారం కేసి చూశారు. ఆయన ముఖంలో ఆనందం మెల్లగా ఇంకిపోయింది.

"అయిదు నిమిషాలు కూడా కాలేదు కదమ్మా! అయిదు నిమిషాల్లో తేలిపోతే దాన్ని నిర్ణయం అనరు. తొందరపాటు అంటారు. కమిటీ వేద్దాం."

కమిటీలో తొమ్మిది మంది. చైనా భాష వచ్చినవాళ్లు నిష్పాక్షికంగా ఉండలేరు కాబట్టి ఇందుమతిని సభ్యురాలిగా కాక, బిస్కెట్ల బాధ్యతతో ప్రత్యేక ఆహ్వానితురాలిగా వేశారు.

మొదటి సమావేశం 'తామా' అన్న శబ్దం మీద జరిగింది. తామా అంటే తామర గుర్తొస్తోందని ఒక సభ్యుడు, అది శుభసూచకమైన పువ్వేనని మరొక సభ్యుడు, కాదు చర్మవ్యాధని ఇంకొక సభ్యుడు వాదించుకున్నారు. పచ్చడి వల్ల తామర రాదని ఆరోగ్య శాఖ నుంచి రాతపూర్వకంగా తెప్పించేసరికి జూలై వచ్చింది.

రెండో సమావేశంలో మహిళా సంక్షేమ శాఖ ప్రతినిధి రెండో అక్షరం మీద వేలు పెట్టి, "ఇందులో ఈ ఎడమ పక్క బొమ్మ ఏమిటి, కుడి పక్క బొమ్మ ఏమిటి?" అని అడిగింది.

ఇందుమతి అబద్ధం చెప్పలేకపోయింది. "ఎడమ పక్కది స్త్రీ అండీ. కుడి పక్కది గుర్రం. దాని అర్థం పట్టించుకోనక్కర్లేదు, శబ్దం కోసం..."

"గుర్రమా!" అంది ఆవిడ. "అమ్మను గుర్రం పక్కన కట్టేస్తారా? ఇది మాతృమూర్తులను కించపరచడం కాదా?"

విఠల్‌గారు గొంతు సవరించుకున్నారు. "మేడమ్‌గారి ఆవేదన గమనించడమైనది. అయితే గుర్రాన్ని వాడుకోవడానికి పశుసంవర్ధక శాఖ అనుమతి ఉందా అన్న మౌలిక ప్రశ్న కూడా దీని ద్వారా ఉత్పన్నమవుతోంది."

వారం తర్వాత పశువైద్యుడు డాక్టర్ సుధాకర్ వచ్చాడు. మెడలో స్టెతస్కోపుతో బల్ల మీది కాగితాన్ని పావుగంట పరీక్షించాడు. పాతకాలపు అక్షరంలో గుర్రం ఎలా ఉండేదో గీసి చూపించమన్నాడు. ఇందుమతి గీసింది. అందులో కింద నాలుగు గీతలున్నాయి.

"ఇవేమిటి?"

"కాళ్లండీ. తర్వాత రాత సులభం చెయ్యడానికి ఆ నాలుగూ తీసేసి ఒక్క అడ్డగీత ఉంచారు."

డాక్టరు ముఖం గంభీరమైంది. "తనిఖీ చేసిన గుర్రానికి నాలుగు కాళ్లూ లేవు. నోరు, తోక కనిపించలేదు. రవాణాకు పనికిరాదు. అలంకారప్రాయంగా వాడుకొనుటకు అభ్యంతరం లేదు" అని ధ్రువపత్రం రాసి సీలు వేశాడు. రవాణాకు పనికిరాని గుర్రం వల్ల స్త్రీకి ప్రమాదం లేదు గనుక మహిళా సంక్షేమ శాఖ కూడా శాంతించింది.

ఇందుమతి ప్రతి సమావేశం అయ్యాక చినరావిపాలేనికి ఫోను చేసేది. అవతల రోట్లో గోంగూర నూరుతున్న చప్పుడు వినిపించేది.

"అయిందా అమ్మాయ్ పేరు?" అనేది భ్రమరాంబ.

"అవుతోంది పెద్దమ్మా."

"నా పేరు నాకు పెట్టడానికి ఇన్ని రోజులేందే? మా అమ్మానాన్నకి ఇరవయ్యొకటో రోజునే తెమిలింది."

ఆగస్టు చివరి సమావేశానికి సంస్థ చైర్మన్‌గారు స్వయంగా వచ్చారు. ఆయన వెంట ఒక వాస్తు సిద్ధాంతిగారు కూడా వచ్చారు. చైర్మన్‌గారు పెరట్లో పంపు మార్చాలన్నా ఈ సిద్ధాంతిగారిని అడగందే మార్చరు. సిద్ధాంతిగారు దిక్సూచి తీసి కాగితం మీద పెట్టి, మొదటి అక్షరాన్ని నిదానంగా చూశారు. చేతులూ కాళ్లూ చాపి నిలబడ్డ మనిషిలా ఉంటుంది అది.

"దక్షిణం పక్క రెండు కాళ్లూ ఎడంగా పెట్టాడు, పరవాలేదు. పడమర భుజం తూర్పుతో సమానంగా ఉంది, పరవాలేదు. కానీ బాబూ," అని ఆయన అక్షరం పైన కుడి మూలను చూపించారు. "ఈశాన్యం! ఈశాన్యంలో బోరు లేదు. నీటి జాడ లేని ఈశాన్యంతో వ్యాపారం ఎట్లా చేస్తారు మీరు?"

చైర్మన్‌గారు కంగారుపడ్డారు. "ఏం చెయ్యమంటారు?"

"పెద్ద ఖర్చేం లేదు. ఒక చుక్క. నీటిచుక్క. దిష్టికి కూడా పనికొస్తుంది."

విఠల్‌గారు వెంటనే తన పెన్నుతో అక్షరం కుడి మూల మీద చుక్క పెట్టారు.

犬

బిస్కెట్ల ప్లేటు పట్టుకుని నిలబడ్డ ఇందుమతి దాన్ని కింద పెట్టేసింది. "సార్, వద్దు సార్! అక్కడ చుక్క పెడితే అది 'పెద్ద' కాదు. కుక్క!"

"ఏది కుక్క?"

"ఆ అక్షరం సార్. పెద్దమ్మ కాస్తా కుక్కమ్మ అవుతుంది!"

తొమ్మిది మందీ కాగితం మీదికి వంగి చూశారు. చైర్మన్‌గారు కళ్లజోడు తుడుచుకుని మళ్లీ చూశారు. "నాకేం కుక్క కనపడలా."

విఠల్‌గారు ఓపికగా నవ్వారు. "ఇందుమతిగారూ, అధికార పరిధి అనేది ఒకటుంటుంది. మీరు భాషాధికారి. అక్షరం భాషకు సంబంధించింది, అందులో మీ మాట మేం కాదనలేదు. చుక్క వాస్తుకు సంబంధించింది. అందులో మీ జోక్యం సమంజసం కాదు. అయినా మీ సంతృప్తి కోసం..."

డాక్టర్ సుధాకర్‌ను మళ్లీ పిలిపించారు. ఆయన ఈసారి అయిదు నిమిషాల్లోనే తేల్చేశాడు. "చెవులు లేవు, తోక లేదు, మొరుగుట లేదు. కుక్క ఉన్నట్టు ఆధారాలు లభించలేదు."

ఇందుమతి ఆ సాయంత్రమే రెండు పేజీల అభ్యంతర పత్రం రాసింది. నిఘంటువు పేజీలు జత చేసింది. మర్నాడు దాని మీద ఎర్రసిరాతో 'చూడడమైనది' అని పడింది. ఎవరు చూశారో, ఏం చూశారో లేదు. సెప్టెంబరులో నాలుగు వందల సీసాలకు లేబుళ్లు అచ్చయ్యాయి. పసుపుపచ్చ కాగితం మీద, దూరం నుంచి కూడా చక్కగా కనపడే నల్లటి అక్షరాల్లో.

ఆ మాట భ్రమరాంబకు చెప్పాలని ఇందుమతి మూడుసార్లు ఫోను తీసింది. మూడుసార్లూ అవతలి గొంతులోని ఉత్సాహం విని, అరుగు మీద గోంగూర ఎండబెట్టారా, ఉప్పు సరిపోయిందా అని అడిగి పెట్టేసింది. అక్కడికెళ్లాక ఎట్లాగో సర్దుకోవచ్చులే అనుకుంది. నాలుగేళ్ల ఆఫీసు గాలి ఆమెకూ అంతో ఇంతో సోకింది మరి.

చెంగ్దూ వెళ్లిన బృందంలో పదకొండు మంది. వాళ్లలో తొమ్మిది మంది మొదటి రోజు పొద్దున్నే, పాండాల ఆహారపు అలవాట్ల అధ్యయనం నిమిత్తం బస్సెక్కి వెళ్లిపోయారు. స్టాలుకు మిగిలింది ఇందుమతి, భ్రమరాంబ.

ప్రదర్శనశాల ఊరంత ఉంది. మసాలాల హాలు, ఊరగాయల హాలు, నూడుల్స్ హాలు అన్నీ దాటుకుంటూ ఒక అమ్మాయి వాళ్లను చిట్టచివరి హాలుకు తీసుకెళ్లింది. అక్కడ గోడ నిండా కుక్కపిల్లల ఫొటోలున్నాయి. ఎడమ పక్క స్టాల్లో కుక్కల బిస్కెట్లు, కుడి పక్క స్టాల్లో కుక్కల స్వెట్టర్లు. నిర్వాహకులు దరఖాస్తులో పేరు చదివి, వీళ్లకు తగిన చోటే ఇచ్చారు.

భ్రమరాంబ కొత్త గద్వాల చీర కుచ్చిళ్లు సర్దుకుని, సీసాలు వరసగా పేర్చి, రైస్ కుక్కర్‌లో అన్నం పెట్టింది. మొదటి సందర్శకురాలు తెల్లటి బొచ్చుకుక్కను చంకలో పెట్టుకొచ్చింది. లేబుల్ చదివి సంతోషపడి, మూత తియ్యమని సైగ చేసింది. కుక్క గోంగూర వాసన చూసి వరసగా నాలుగు తుమ్ములు తుమ్మి, యజమానురాలి మెడలో ముఖం దాచుకుంది. ఆవిడ ఇందుమతిని ఏదో అడిగింది.

"ఏందంటందే?" అంది భ్రమరాంబ.

ఇందుమతి సీసా మూత బిగించసాగింది.

"నిన్నేనమ్మాయ్. ఏందంట?"

"ఎన్ని నెలల కుక్కపిల్లలకు పెట్టొచ్చని అడుగుతోంది పెద్దమ్మా."

భ్రమరాంబ చుట్టూ చూసింది. గోడ మీది కుక్కపిల్లల్ని చూసింది. పక్క స్టాలులో వేలాడుతున్న బుల్లి స్వెట్టర్లను చూసింది. ఒక సీసా చేతిలోకి తీసుకుని లేబుల్ ముఖానికి దగ్గరగా పెట్టుకుంది.

"ఏం రాసుంది దీని మీద?"

ఇందుమతి చెప్పింది. తామర దగ్గర్నుంచి బోరు దాకా మొత్తం చెప్పింది. తనకు జూన్‌లోనే సరైన పేరు తెలుసనీ, ఆగస్టులోనే తప్పు జరిగిందని తెలిసి కూడా ఫోనులో చెప్పలేకపోయాననీ కూడా చెప్పింది. చెబుతుంటే కళ్లమ్మట నీళ్లు కారాయి.

ఊళ్లో షెడ్డు దగ్గర అరవై ఇద్దరు భ్రమరాంబ ఫోను కోసం ఎదురుచూస్తున్నారు. ఆవిడ సీసా బల్ల మీద పెట్టింది.

"కుక్కనేమీ అనబాకు. అదేం చేసింది పాపం, వాసన చూసి తుమ్మింది. ఇందులో ఆ చుక్కేది?"

ఇందుమతి చూపించింది.

"ఇంతేనా! ఈ నలుసంత దానికా నువ్వు ఏడ్చేది? ఇది పోతే నేను నేనవుతానా?"

"అవుతావు పెద్దమ్మా."

"అయితే ఏడుపాపి, గీకడానికేమన్నా చూడు."

కుక్కల బిస్కెట్ల స్టాలామె సంగతి తెలుసుకుని, కుక్కల గోళ్లు అరగదీసే ఆకురాళ్లు రెండు ఇచ్చింది. చుక్కలు లేచిపోవాలి, కాగితం చిరగకూడదు. భ్రమరాంబ చెయ్యి తేలిక. రోజుకు బుట్టెడు మామిడికాయ చెక్కు తీసే చెయ్యి అది. ఆరు గంటల్లో నాలుగు వందల చుక్కలూ పోయాయి. బల్ల మీద చిటికెడు నల్లటి పొడి మిగిలితే ఆవిడ ఊదేసింది.

మర్నాడు ఇందుమతి నిర్వాహకులతో గంటన్నర పోట్లాడింది. నాలుగేళ్లుగా వాడని భాష అంత ధారాళంగా ఎలా వచ్చిందో ఆమెకే తెలియలేదు. మధ్యాహ్నానికల్లా ఊరగాయల హాలులో ఒక మూల బల్ల దొరికింది.

అక్కడ ఒక నడివయసు చైనా ఆవిడ ఆగి, లేబుల్ మీద 'తామా' చదివి, నవ్వి, "ఎవరు తామా?" అని అడిగింది. ఇందుమతి భ్రమరాంబను చూపించింది. "నేనూ తామానే!" అని ఆవిడ తన గుండె మీద చెయ్యి వేసుకుని, వెనక వస్తున్న స్నేహితురాళ్లను కేకేసింది. కాసేపటికి అరడజను మంది చైనా పెద్దమ్మలు బల్ల చుట్టూ మూగారు. భ్రమరాంబ వేడన్నంలో గోంగూర, నూనె కలిపి ముద్దలు చేసి ఒక్కొక్కరి చేతిలో పెట్టింది. తిన్నవాళ్ల ముక్కులూ కళ్లూ కారాయి. మళ్లీ చేతులు చాపారు. "ఇంకొంచెం పెట్టమంటున్నారు పెద్దమ్మా" అని ఇందుమతి అంటే, "అది నువ్వు చెప్పాలా? ఆ మాత్రం చైనా భాష నాకూ వచ్చు" అంది భ్రమరాంబ.

వాళ్లలో హో అనే ఆవిడకు ఆ ఊళ్లో ఏడు నూడుల్స్ దుకాణాలున్నాయి. ఏడాదికి సరిపడా గోంగూరకు ఆవిడ నేరుగా సంఘంతోనే ఒప్పందం రాసుకుంది. భ్రమరాంబ ఊరికి ఫోను చేసి ఆ మాట చెప్పింది. "ఎల్లుండి నుంచి అందర్నీ రమ్మనండే" అని పెట్టేసింది.

తిరిగొచ్చిన వారానికి ఇందుమతికి మెమో వచ్చింది. వాస్తు ప్రకారం ఏర్పాటు చేసిన నాలుగు వందల చుక్కలను ఉన్నతాధికారుల అనుమతి లేకుండా, విదేశీ గడ్డ మీద, జంతువుల పరికరాలతో తొలగించినందుకు ఎందుకు చర్య తీసుకోరాదో తెలపాలన్నారు. విచారణాధికారిగా ఒక రిటైర్డ్ అధికారిని వేశారు. సాక్షిగా భ్రమరాంబ విజయవాడ వచ్చింది.

"సదరు చుక్కలను తొలగించడానికి మీకు అధికారం ఎవరిచ్చారు?" అని విచారణాధికారి అడిగాడు.

"పేరు నాది బాబూ" అంది భ్రమరాంబ. "నా ముఖాన బొట్టు నేను తుడుచుకుంటే నీకు చెప్పాలా? ఇంతకీ పెట్టిందెవరో అది కనుక్కో ముందు."

న్యాయమైన ప్రశ్నే. విచారణాధికారి ఫైలు తెప్పించాడు. ఈలోపు చుక్క వల్ల కుక్క అయిందన్న సంగతి ఒక పత్రికలో రానే వచ్చింది. విఠల్‌గారు చుక్క సిద్ధాంతిగారిదన్నారు. తాను నీటి జాడ మాత్రమే చెప్పాననీ, నల్లసిరా చెప్పలేదనీ సిద్ధాంతిగారన్నారు. ఆ రోజు తనకు కళ్లజోడు సరిగ్గా లేదని చైర్మన్‌గారన్నారు. డాక్టర్ సుధాకర్ తన ధ్రువపత్రం నకలు చూపించి, కుక్క లేదని తాను అప్పుడే చెప్పానన్నాడు. సమావేశపు మినిట్సులో 'ఈశాన్యం విషయమై చర్చించి తగు విధంగా సర్దుబాటు చేయడమైనది' అని మాత్రమే ఉంది. చుక్క అన్న మాటే ఎక్కడా లేదు.

నెల తర్వాత విచారణ నివేదిక వచ్చింది. రికార్డుల ప్రకారం చుక్క అనేది ఎన్నడూ మంజూరు కాలేదు. మంజూరు కానిది ఉండడానికి వీల్లేదు. లేని చుక్కను తొలగించడం ఎవరికీ సాధ్యం కాదు గనుక ఇందుమతి నిర్దోషి.

ఆమె ఊపిరి పీల్చుకునేలోపు రెండో మెమో వచ్చింది. విదేశీ పర్యటనలో, లేని చుక్కలను గీకుతూ ఆరు గంటల ప్రభుత్వ సమయాన్ని ఎందుకు వృథా చేశారో మూడు రోజుల్లో రాతపూర్వకంగా వివరించాలి.

ఇందుమతి ఆ కాగితాన్ని రెండుసార్లు చదివింది. ముందు కోపం వచ్చింది. తర్వాత నవ్వొచ్చింది. నవ్వు ఆగాక మనసు చాలా తేలికగా ఉంది. తెల్లకాగితం తీసుకుని, ఆ సంస్థలో చేరిన తర్వాత మొదటిసారిగా అధికారికంగా చైనా భాషలో ఒక ఉత్తరం రాసింది. చక్కని దస్తూరితో, ఒక్క గీత కూడా తప్పు పోకుండా రాసింది. 'ఈ కాగితం చదవగలిగినవాళ్లు మీలో ఒక్కరు ఉన్నా నేను ఈ ఉద్యోగం మానేసేదాన్ని కాదు. నేటి నుంచి రాజీనామా చేస్తున్నాను.' దానికి తనే నంబరు వేసి, తపాలాలో పెట్టి, గుంటూరు బస్సెక్కింది.

ఇప్పుడామె చినరావిపాలెం సంఘంలో లేబుళ్లూ, చైనా ఉత్తరాలూ చూసుకుంటోంది. గోంగూర కాడలు తుంచడం కూడా నేర్చుకుంది. కానీ అందులో ఆమె వేగం చాలదని భ్రమరాంబ రోజూ సాధిస్తుంది.

విజయవాడలో ఆమె జవాబు ఇంకా తిరుగుతూనే ఉంది. దాన్ని సంతృప్తికరమైన వివరణగా పరిగణించవచ్చునా అన్న విషయమై అన్ని శాఖల అభిప్రాయం కోరారు. ఇప్పటికి పదకొండు శాఖలు సంతకాలు చేసి, క్షుణ్ణంగా పరిశీలించామనీ, ఇందులోని ప్రతి అక్షరంతోనూ ఏకీభవిస్తున్నామనీ రాశాయి.